వందలో వాటాలు: శాతాలను ఎలా చదవాలి?

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. ఆ బొగ్గునే ఉదాహరణగా తీసుకుందాం. బొగ్గును పరీక్షించి నాలుగు వాటాలు చెబుతారు: తేమ, బూడిద, ఆవిరయ్యే పదార్థం, స్థిర కార్బన్. నాలుగూ కలిపితే 100. ఇలాంటి లెక్కలను వాటాల దత్తాంశం అందాం.

ఒక నమూనాలో తేమ 10, బూడిద 36, ఆవిరయ్యే పదార్థం 27, కార్బన్ 27 శాతం అనుకుందాం. తేమ పూర్తిగా ఆరిపోతే మిగిలేది 90. ఇప్పుడు బూడిద 40 శాతం, మిగతా రెండూ చెరి 30 శాతం. బూడిద పెరిగిందా? చిటికెడు కూడా కలవలేదు. మారనిది నిష్పత్తి: బూడిద, కార్బన్ అప్పుడూ 4:3, ఇప్పుడూ 4:3.

ఒక వాటా పెరిగితే మిగతావాటిలో ఏదో ఒకటి తగ్గక తప్పదు. అందువల్ల వాటాల మధ్య లేని సంబంధం ఉన్నట్లు కనబడుతుందని కార్ల్ పియర్సన్ 1897లోనే హెచ్చరించాడు. వాటాలను కాక, వాటి నిష్పత్తుల సంవర్గమానాలను పోల్చాలని జాన్ ఐచిసన్ 1982లో దారి చూపాడు. వాటా సున్నా అయితే దానికి సంవర్గమానం ఉండదు. అక్కడ జాగ్రత్త అవసరం.

నాలుగు వాటాలైతే చేతితో లెక్కించవచ్చు. మన పేగుల్లోని సూక్ష్మజీవుల రకాలు వందల్లో ఉంటాయి. వాటిలో ఏవి ఆరోగ్యంతో ముడిపడ్డాయో ఎలా తేల్చాలి? టిబ్షిరానీ 1996లో ప్రతిపాదించిన లాసో పద్ధతి, అంతగా పనికిరాని అంశాల గుణకాలను సున్నా చేసి కొన్నింటినే మిగులుస్తుంది. 2014లో వై లిన్, హాంగ్‌జె లీ తదితరులు దీన్ని వాటాలకు అన్వయించి ఒక షరతు చేర్చారు: గుణకాల మొత్తం సున్నా కావాలి. బూడిద సంవర్గమానం నుంచి కార్బన్ సంవర్గమానం తీసివేస్తే గుణకాలు +1, -1, మొత్తం సున్నా. ఆ షరతు వల్లే తేమ ఆరినా ఫలితం మారదు.

ఇది ఇంటి లెక్కకూ వర్తిస్తుంది. నెలకు రూ.10,000 ఖర్చుపెట్టే కుటుంబం చదువుకు రూ.2,000 ఇస్తుంది, అది 20 శాతం. ఆసుపత్రి ఖర్చు రూ.2,500 అదనంగా వస్తే చదువు వాటా 16 శాతానికి దిగుతుంది. చదువుకు ఇచ్చేది రూపాయి కూడా తగ్గలేదు. శాతం ఒక్కటే చూసి ఆ తల్లిదండ్రులను నిందిస్తే అన్యాయం. సేవా సంస్థల జమాఖర్చులు చదివేటప్పుడూ ఇదే మాట.

విద్యార్థులకు అభ్యాసం: పై కుటుంబం తిండికి రూ.5,000 ఖర్చుపెడితే, ఆసుపత్రి ఖర్చుకు ముందు, తర్వాత తిండి వాటా ఎంత? తిండికీ చదువుకూ నిష్పత్తి ఎంత? రెండింటిలో ఏది మారలేదో గుర్తించండి.