గంట మోగించిన కర్రిగాడు

ఆలూరు దగ్గర ఒక పల్లె అనుకుందాం. చుట్టూ నల్లరేగడి నేల. వాన పడితే పత్తి, శనగ, ఎర్రగడ్డ పండుతాయి. వాన పడకపోతే జనం సుగ్గికి పోతారు.

ఆ పల్లెలో ఒక ఇల్లు. ఇంట్లో తల్లి, తండ్రి, తాత, అవ్వ, ఎనిమిదేళ్ల పాప. తాత ఒకప్పుడు గొర్రెలు మేపినవాడు. వాకిట్లో ఒక నల్ల కుక్క. దాని పేరు కర్రిగాడు.

పాపకు మూర్ఛ ఉంది. దీన్నే ఫిట్సు అంటారు. పాప ఉన్నట్టుండి కింద పడుతుంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. నోట్లో నురగ వస్తుంది. రెండు మూడు నిమిషాలకు ఆగిపోతుంది. తర్వాత మత్తుగా పడుకుంటుంది.

అవ్వ తాళం చెవులు

మొదట్లో అవ్వ "గాలి సోకింది" అనింది. తాయెత్తు కట్టించింది. ఫిట్సు వచ్చినప్పుడల్లా పాప చేతిలో ఇనుప తాళం చెవులు పెట్టేది. ఫిట్సు ఆగేది. తాళం చెవుల వల్లే ఆగిందని అవ్వ నమ్మేది.

ఒకరోజు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. విషయం విని ఇలా చెప్పింది:

"అవ్వా, చాలా ఫిట్సులు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. సరిగ్గా ఆగే టయానికి నువ్వు ఇనుము పెడతాండావు. పేరు ఇనుముకు వస్తాంది."

అవ్వ ఆలోచనలో పడింది.

మూర్ఛ ఎందుకు వస్తుంది?

మన మెదడులో సన్నటి కరెంటు పారుతూ ఉంటుంది. ఆ కరెంటుతోనే మెదడు కాళ్లకూ చేతులకూ పని చెబుతుంది. ఆ కరెంటు ఒక్కసారిగా అదుపు తప్పితే ఫిట్సు వస్తుంది. ఇది గాలి కాదు, దయ్యం కాదు. అంటురోగం కూడా కాదు. నురగ తగిలినా, పక్కన కూర్చున్నా మరొకరికి రాదు.

కాన్పులో బిడ్డకు ఊపిరి అందకపోతే మూర్ఛ రావచ్చు. తలకు దెబ్బ తగిలినా, మెదడువాపు వచ్చినా రావచ్చు. పందుల ద్వారా వచ్చే బద్దెపురుగు గుడ్లు మురికి చేతులతో, కడగని కూరగాయలతో మన కడుపులోకి పోతాయి. వాటి వల్ల కూడా మెదడులో గడ్డలు కట్టి ఫిట్సు వస్తుంది. అందుకే మరుగుదొడ్డి వాడాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కొందరిలో మాత్రం కారణం ఏమీ కనపడదు.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. మందులు సరిగ్గా వాడితే 10 మందిలో 7 మందికి ఫిట్సు రాకుండా ఆపవచ్చు.

మాత్రలు ఆగిన ఏడు

పాపను కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చూపించారు. అక్కడ నరాల వైద్య విభాగం ఉంది. డాక్టరు మాత్రలు రాసినాడు. ఆరు నెలలు ఫిట్సు రాలేదు.

ఆ ఏడు వాన లేదు. తల్లీ తండ్రీ పాపను తీసుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయినారు. అక్కడ మాత్రలు అయిపోయాయి. "బాగానే ఉంది కదా, మళ్లీ ఊరికి పోయినాక కొందాం" అనుకున్నారు. నాలుగో రోజు రాత్రి గుడిసెలో పాపకు ఫిట్సు వచ్చింది. పది నిమిషాలైనా ఆగలేదు. 108 బండిలో ఆసుపత్రికి తీసుకుపోయినారు. బిడ్డ దక్కింది.

ఆ రాత్రి తల్లికి ఒక సంగతి తెలిసింది. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే ఫిట్సు మరింత గట్టిగా వస్తుంది. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

తల్లి రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టింది. మాత్ర వేసిన రోజు గీత గీస్తుంది. ఫిట్సు వస్తే తేదీ రాస్తుంది. ఎన్ని నిమిషాలు ఉందో రాస్తుంది. మాత్రలు పది మిగిలినప్పుడే తెచ్చుకోవాలని మొదటి పేజీలో రాసుకుంది. ఆ పుస్తకం చూసే డాక్టరు మందు మోతాదు సరిచేస్తాడు.

తాత ఆలోచన

అయినా తల్లికి ఒక దిగులు. తాను పెరట్లో ఉన్నప్పుడు పాప ముందు గదిలో పడిపోతే ఎవరు చూస్తారు?

తాత కర్రిగాడి వైపు చూసినాడు. "మందను కాసే కుక్కకు పని నేర్పినోణ్ణి. దీనికి నేర్పలేనా?" అన్నాడు.

ఇది వింత కాదు. ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో ఫిట్సు వచ్చినప్పుడు మనుషులను పిలిచేలా కుక్కలకు నేర్పుతారు. ఫిట్సు వచ్చినప్పుడు మనిషి ఒంటి వాసన మారుతుంది. ఆ వాసనను ఐదు కుక్కలు పసిగట్టాయని 2019లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు తెలిపారు. అయితే ఫిట్సు రాకముందే చెప్పడం అన్ని కుక్కలకూ రాదు. దాన్ని నమ్ముకోకూడదు. వచ్చిన తర్వాత పిలవడం మాత్రం నేర్పవచ్చు.

"మొరగడం నేర్పుదామా మామా?" అని తల్లి అడిగింది.

"వద్దమ్మా. కుక్క దారిన పోయే ప్రతివాణ్ణి చూసి మొరుగుతాది. ఏది దేనికో మనకు ఎట్ల తెలుస్తాది? గంట అయితే వేరుగా వినపడతాది" అన్నాడు తాత.

తాత ఎద్దు మెడ గంటను దూలానికి కట్టినాడు. దానికి తాడు వేలాడదీసినాడు. తాడు చివర పాత గుడ్డ ముడి వేసినాడు.

నేర్పిన తీరు

1. కర్రిగాడు గుడ్డను నోటితో లాగితే గంట మోగుతుంది. మోగిన వెంటనే జొన్నరొట్టె ముక్క పెట్టినాడు. ఆలస్యం చేస్తే ముక్క దేనికో కుక్కకు తెలియదు.

2. తర్వాత "గంట!" అని చెప్పి లాగించినాడు. ముందు దగ్గర నుంచి, తర్వాత దూరం నుంచి.

3. పాప చాప మీద పడుకుని ఆటగా కాళ్లూ చేతులూ ఆడించింది. అప్పుడు తాత "గంట!" అన్నాడు. కొన్ని రోజులకు మాట చెప్పడం ఆపినాడు. పాప కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే కుక్కకు గుర్తు అయింది.

4. పాప ఊరికే నిద్రపోతున్నప్పుడు గంట కొడితే ముక్క పెట్టలేదు. అట్ల నిద్రకూ ఫిట్సుకూ తేడా నేర్చుకుంది.

5. పాప మూతి నాకకుండా, మీద ఎక్కకుండా నేర్పినాడు.

పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు నేర్పినాడు. ఒక్కసారి కూడా కొట్టలేదు. కొడితే కుక్క భయపడుతుంది, పని మానేస్తుంది. ఎర్రగడ్డ కలిసిన కూర మాత్రం పెట్టలేదు. ఎర్రగడ్డ కుక్కకు చేటు. నాలుగు నెలలు పట్టింది.

అంతకు ముందే కర్రిగాడికి పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయించారు. ఏటా వేయించాలి. కరిచే కుక్కనూ, బెదిరే కుక్కనూ ఈ పనికి పెట్టకూడదు.

గంట మోగింది

ఒక మధ్యాహ్నం తల్లి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. పాపకు జ్వరం తగిలి ఉంది. గంట మోగింది. ఆగకుండా మోగింది.

తల్లి పరుగున వచ్చింది. అప్పటికే అవ్వ పాప దగ్గర ఉంది. ఆమె చేతిలో తాళం చెవులు లేవు. పాప తల కింద మడిచిన చీర పెట్టింది. పాపను ఒక పక్కకు తిప్పింది. పక్కనున్న రాతి రోలుకు పాప తగలకుండా అడ్డం కూర్చుంది.

"గడియారం చూడు కోడలా" అనింది అవ్వ.

రెండు నిమిషాలకు ఫిట్సు ఆగింది. తల్లి నోటు పుస్తకంలో తేదీ, నిమిషాలు రాసింది. తాత కర్రిగాడికి రొట్టె ముక్క పెట్టినాడు.

ఆ రాత్రి అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. "దీన్ని రేపు ఎవరు చేసుకుంటారు?" అనింది.

తల్లి ఇలా చెప్పింది: "అత్తా, ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛ పెళ్లికి అడ్డంగా ఉండేదంట. 1999లో ఆ మాటను చట్టం నుంచి తీసేసినారు. ఈ రోగం ఉన్నోళ్లు చదువుకుంటాండారు, పెళ్లి చేసుకుంటాండారు, పిల్లల్ని కంటాండారు. ముందు మన పాపను బడికి పంపిద్దాం. పంతులమ్మకు అన్నీ చెబుతా."

గుర్తుంచుకోండి

ఫిట్సు వచ్చినప్పుడు గట్టిగా పట్టుకోకండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ పెట్టకండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా తాగడానికి ఏమీ ఇవ్వకండి.

పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయండి.

5 నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. ఒకదాని వెంట ఒకటి వచ్చినా, మొదటిసారి వచ్చినా ఆసుపత్రికి తీసుకుపోండి.

మూర్ఛ ఉన్న పిల్లలను బావికి, చెరువుకు, పొయ్యి దగ్గరకు ఒంటరిగా పంపకండి.

కుక్క మనిషిని పిలుస్తుంది. మందు వేయలేదు, పక్కకు తిప్పలేదు. ఆ పని మనుషులదే.

మాట్లాడుకోండి

మీ ఊర్లో ఫిట్సు వస్తే ఏమి చేస్తారు? అందులో ఏది మంచిది, ఏది కాదు?

సుగ్గికి పోయేటప్పుడు మందుల కోసం ఏ ఏర్పాటు చేసుకోవాలి?

రాయండి

మీ ఇంట్లో వాడే ఒక మందు పేరు, అది ఎన్ని పూటలు వేయాలో, ఎప్పుడు అయిపోతుందో రాయండి.