జనతా వాచీకి కీ ఇచ్చు విధము

అనంతపురము.

చిరంజీవి మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నా జనతా వాచీని నీకిచ్చి బెంగుళూరికి పంపినది మొదలు నీవు దానిని భయభక్తులతో బీరువాలో దాచియుంచి, ఆదివారమునాడు మాత్రము నాలుగు చుట్లు కీ ఇచ్చి చెవికానించి వినుచున్నావని మీ అమ్మ చెప్పినది. అట్టి గౌరవము దానికక్కరలేదు. 1961లో హిందుస్థాన్ మెషీన్ టూల్స్ వారు జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారమున నీవున్న ఆ బెంగుళూరులోనే గడియారముల కర్మాగారమును నెలకొల్పిన పిమ్మట, వేరుసెనగ పండిన యేట కూతురి పెండ్లి చేయు మన సీమ రైతు, అల్లునికి సైకిలుతోపాటు కొనిపెట్టుచు వచ్చిన ఆ సంస్థవారి వస్తువది. పొలమునకును, కచ్చేరికిని, సంతకును ధరించిపోవుటకు పుట్టినది. (అల్లుళ్లలో పలువురు అడిగి పుచ్చుకొన్నవారేయనుట సత్యమే, ఆ ముచ్చట ఇప్పుడు వలదు.)

ప్రతిదినము ఉదయము ఒకే వేళకు వాచీని మణికట్టుకు కట్టుకొనక మునుపే, ప్రక్కనున్న బుడిపెను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి మెల్లగా త్రిప్పుము. చేతికుండగనే త్రిప్పినచో బుడిపె ఓరగా లాగబడి దాని సన్నని కాడపై ఒత్తిడి పడును. చుట్లు లెక్కపెట్టవలదు, లోపలి స్ప్రింగు, అనగా కమాను, నిండినంతనే వ్రేళ్లకు ఒక నిరోధము తగులును, అచ్చట ఆగుము. కీ ఎక్కువైనచో వాచీ చెడునను మాట లోకమున వ్యాపించినది గాని, నిండుగా చుట్టుకొనుటచేత కమాను చెడదు. నిండిన పిదపను బలవంతముగా త్రిప్పువాని మొండితనముచేత చెడును. నీవు జంకి సగము కీ ఇచ్చుటయే దోషము: కమాను వదులగుకొలది లోపలి బ్యాలెన్స్ చక్రపు ఊపు తగ్గి నడక నిలుకడ తప్పును. నిండు కీతో అది ఒకటిన్నర దినము నడువగలిగినను, ప్రతి ఉదయము కీ ఇచ్చినప్పుడే పగటి కుదుపులన్నియు కమాను బలముగానున్న వేళకు తటస్థించును.

దినమునకు అర నిమిషము అటో యిటో పోయినచో దానిని నిందింపకుము, వారమునకొకమారు సరిచేసికొనుము. మన దేశకాలము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి యేర్పడినదగుటచే, 77.6 డిగ్రీలనున్న మన పట్టణమున మధ్యాహ్న సూర్యుడే సగటున 20 నిమిషములు ఆలస్యముగా వచ్చుచున్నాడు. ఆయననెవరును మరమ్మతునకు పంపలేదు!

మరమ్మతు సంగతి వినుము. ఆ బ్యాలెన్స్ చక్రము గంటకు 18,000 మారులు, దినమునకు 4,32,000 మారులు కొట్టుకొనును. వాచీ ముఖముపై 17 జ్యూయల్స్ అని చదివియుందువు. అవి సొగసునకు కాదు, ఇరుసులు అరగకుండుటకు లోపల పొదిగిన కృత్రిమ కెంపులు. వానిలో చాలవాటియొద్ద నూనె బిందువు కంటికానరానంత యుండును. ఆ నూనె, వాచీ నడచినను నడువకున్నను, కాలక్రమమున ఎండి జిగురగును. కావున నాలుగైదేండ్లకొకమారు విప్పించి, కడిగించి, క్రొత్త నూనె వేయింపవలెను. ఆగిపోయిన తరువాత చూతములెమ్మనుట, వేరుసెనగకు ఊడలు దిగువేళ రాని వాన కాయలు పీకునాడు కురిసినట్లుండును.

ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే యెరిగిన ఈ నేలలో గాలి పొడిగానుండుటచే, సముద్రతీరమునవలె ఉక్కుభాగములకు తుప్పు త్వరగా పట్టదు. మన శత్రువు ధూళి. నీవిచ్చటికి వచ్చినపుడు, ఆషాఢపు గాలి ఎర్రమన్నును లేపు వేళ ఆరుబయట బుడిపెను వెలికి లాగి ముండ్లు సరిచేయకుము, మూత విప్పకుము. చెమటపట్టిన వాచీని పొడి నూలుగుడ్డతో తుడిచి, రాత్రి ముఖము పైకుండునట్లు పెట్టుము. నీ ల్యాప్‌టాపు మీదను, పాటలు వినిపించు స్పీకరు ప్రక్కను మాత్రము పెట్టకుము. అయస్కాంతము సోకినచో సన్నని హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానినొకటి అంటుకొని వాచీ పరుగెత్తును. అది చెడుట కాదు. ఆ అయస్కాంతశక్తిని పనివాడు క్షణములో పోగొట్టగలడు.

2016లో కేంద్రప్రభుత్వము ఆ వాచీల సంస్థను మూసివేయ నిశ్చయించినది. పాత ముఖములకు క్రొత్త రంగు పూసి, పలు వాచీల భాగములను కలిపికూర్చి అమ్మువారికిప్పుడు కొదువలేదు. నీ వాచీ ముఖము పసుపువారినదని ఎవడైన మార్చెదనన్నచో అంగీకరింపకుము. ఆ రంగు దాని వయస్సు. గీతలు పడి మసకబారిన పైయద్దము మాత్రము ప్లాస్టిక్కే గనుక మెరుగుపెట్టించుకొనవచ్చును.

ఈ నెలలోనే కంటికి భూతద్దము పెట్టుకొని కూర్చుండు పాత పనివానినొకనిని వెదకి, నీ యెదుటనే విప్పించి నూనె వేయింపుము. ఖర్చు నేను పంపెదను.

ఇట్లు,
నీ తాత