మాటకు ఊతం

మానవుణ్ణి ఇతర ప్రాణుల నుండి వేరుచేసి నిలిపిన గొప్ప శక్తి మాట. ఆకలిని తెలుపడానికైనా, ఆనందాన్ని పంచుకోవడానికైనా, చదివినదాన్ని నలుగురికి వివరించడానికైనా మాటే ఆధారం. “నోరు మంచిదైతే ఊరు మంచిది” అన్నారు పెద్దలు. అయితే మనసులో భావం నిండుగా ఉన్నా, నోట మాట పెగలని పిల్లలు కొందరుంటారు. అట్టివారి మాటకు ఊతమిచ్చి నిలబెట్టేవారే వాక్చికిత్సకులు. వీరినే స్పీచ్ థెరపిస్టులు అని కూడా పిలుస్తారు.

ఊపిరితిత్తుల నుండి వెలువడే గాలి కంఠంలోని స్వరతంత్రులను కదిలించినప్పుడు నాదం పుడుతుంది. ఆ నాదాన్ని నాలుక, అంగిలి, దంతాలు, పెదవులు కలిసి అక్షరాలుగా మలుస్తాయి. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని వ్యాకరణంలో విద్యార్థులు చదివే విభాగం ఈ స్థానాలను బట్టి ఏర్పడినదే. వ్యాకరణవేత్తలు వర్ణించిన ఈ ఉచ్చారణ స్థానాలే వాక్చికిత్సకులకు పనిముట్లు.

ఒక బాలుడు ‘కాకి’ అనవలసిన చోట ‘తాతి’ అంటున్నాడనుకుందాం. కంఠం వద్ద పుట్టవలసిన ధ్వనిని అతడు దంతాల వద్ద పుట్టిస్తున్నాడన్నమాట. చిన్న వయసులో ఇది సహజమే. పెరిగినా ఆ అలవాటు పోకుంటే శిక్షణ అవసరం. అద్దం ముందు కూర్చుండబెట్టి, నాలుక వెనుక భాగం ఎక్కడికి లేవాలో చికిత్సకులు చూపుతారు. మొదట విడి ధ్వని, తరువాత పదం, ఆపైన వాక్యం, చివరకు మామూలు సంభాషణ. ఇలా మెట్టు మెట్టుగా సాధన సాగుతుంది. పరుషాలకు, సరళాలకు గల భేదం తెలియడానికి పిల్లవాని చేతిని గొంతుపై ఉంచుతారు. ‘బ’ అన్నప్పుడు అదురు చేతికి తెలుస్తుంది; ‘ప’ అన్నప్పుడు అంతగా తెలియదు. ఒత్తక్షరాలు పలికేటప్పుడు నోటి ముందు పట్టుకున్న సన్నని కాగితం బాగా కదులుతుంది. బోధన ఆటలా సాగుతుంది గనుక పిల్లలకు విసుగు కలగదు.

ధర్మపురి జిల్లాలో పాప్పిరెడ్డిపట్టి తాలూకాకు చెందిన ఏ. పళ్లిపట్టి వంటి ఊళ్లలో ఈ పనికి మరొక మెలకువ అవసరం. ఈ జిల్లాలో ఇంట తెలుగు, వీధిలో తమిళం, పాఠశాలలో వీటితోపాటు ఆంగ్లం వినే పిల్లలు ఉన్నారు. తమిళులు తమ భాష పేరు చివర పలికే ప్రత్యేక ధ్వని నేటి తెలుగులో లేదు. తెలుగు ఇంటి పిల్లవాడు దానిని ‘ళ’ అని పలికితే అది లోపం కాదు. అలాగే తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగింటికి ఒకే అక్షరం వాడతారు. ఆ లిపిని ముందు నేర్చిన పిల్లలు తెలుగు చదివేటప్పుడు ఒత్తులను విడిచిపెట్టవచ్చు. ఇది అభ్యాసంతో తీరే కొరత.

కాబట్టి వాక్చికిత్సకులు పిల్లవానిని ఒక్క భాషలోనే పరీక్షించి నిర్ణయానికి రారు. ఇంటి భాషలో చక్కగా మాట్లాడుతూ, బడి భాషలో మాత్రమే తడబడితే అది భాషాభేదం. రెండింటిలోనూ ఇబ్బంది ఉంటే అప్పుడు లోపమేమో అని పరిశీలిస్తారు. ఈ భేదం తెలియకపోతే రెండు విధాల నష్టం కలుగుతుంది. బాగున్న పిల్లవానికి మందమతి అనే పేరు పడుతుంది. నిజంగా సహాయం కావలసిన పిల్లవాడు “ఇంట్లో వేరే భాష గదా” అనే మాట చాటున మరుగునపడతాడు. రెండు భాషలు నేర్పడం వల్ల మాట చెడుతుందని కొందరు భయపడి ఇంట తెలుగు మానిపిస్తారు. ఆ భయానికి ఆధారం లేదు. అమ్మానాన్నలకు బాగా వచ్చిన భాషలో వారు బిడ్డతో ఎంత మాట్లాడితే అంత మేలు.

మాటకు ముందు వినికిడి. వినని ధ్వనిని పలకడం కష్టం. సాధారణంగా ఏడాది వయసుకు తొలి పలుకులు, రెండేళ్లకు రెండు మాటలను కలిపి పలకడం వస్తాయి. అలా రాకపోతే ముందుగా చెవులను పరీక్ష చేయించాలి. బిడ్డకు మాటలు రావాలని వస నాకించే అలవాటు తెలుగు ఇళ్లలో ఉంది. ఎంత వస పోసినా చెవుడు తీరదు. పిలిస్తే పలకని బిడ్డను “వాడే మాట్లాడతాడులే” అని విడిచిపెడితే విలువైన కాలం గడిచిపోతుంది. “మొక్కై వంగనిది మానై వంగునా?” అనే సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

నత్తి మరొక సమస్య. ఇది ఎక్కువగా రెండు నుండి ఐదేళ్ల వయసులో మొదలవుతుంది. చాలామందిలో దానంతటదే పోతుంది. సుమారు నూటికి ఒకరిలో నిలిచిపోతుంది. నత్తికీ తెలివికీ సంబంధం లేదు. “తొందరగా చెప్పు” అని గద్దించినా, ఆ పిల్లవాని వాక్యాన్ని ఇతరులే పూర్తిచేసినా తడబాటు మరింత పెరుగుతుంది. తోటివారు వెక్కిరిస్తే అతడు జవాబు తెలిసి కూడా చెయ్యి ఎత్తడం మానుకుంటాడు. నత్తి కన్న ఆ మౌనమే చదువుకు ఎక్కువ చేటు.

మనదేశంలో ఈ విద్యకు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ప్రసిద్ధ కేంద్రం. 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు హైదరాబాదుకు చెందిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దానికి సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టం పేర్కొన్న ఏడు వైకల్యాలలో మాటకు ప్రత్యేక స్థానం లేదు. 2016 నాటి చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి, వాగ్భాషా వైకల్యాన్ని కూడా వాటిలో చేర్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుండి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా కేంద్రాలకు పంపే ఏర్పాటు చేసింది.

అయినా ప్రతి పల్లె బడికీ ఒక వాక్చికిత్సకుడు ఉండడం సాధ్యం కాదు. వారానికో, నెలకో కొద్దిసేపు దొరికే శిక్షణ ఒక్కటే చాలదు. మిగిలిన రోజులలో ఆ పనిని కొనసాగించవలసినవారు ఇంట తల్లిదండ్రులు, బడిలో ఉపాధ్యాయులు. తోటి విద్యార్థులు చేయగలిగిన సహాయం కూడా తక్కువేమీ కాదు. మాట ఆలస్యమయ్యే మిత్రుని ముఖం చూస్తూ, అతడు చెప్పేది పూర్తయ్యేవరకు ఓపికతో వినడమే ఆ సహాయం. మాట్లాడడం ఎంత గొప్ప విద్యయో, ఎదుటివాని మాట పూర్తిగా వినడం కూడా అంత గొప్ప విద్యయే.