రేగడి నేలలో ఊరి భవనం: పూత దగ్గరే అసలు పరీక్ష

సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్లే రైలు దారిలో కిమ్ స్టేషన్ వస్తుంది. అదే పేరున్న చిన్న నది ఆ ప్రాంతం గుండా పారి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. సూరత్ మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలకు అక్కడి నేల కొత్తగా అనిపించదు. బసాల్టు శిల శిథిలమై పుట్టిన నల్లమట్టి అది. భూగోళ పాఠాల్లో ఈ మట్టికి ఉన్న 'రేగర్' అనే పేరు మన 'రేగడి' నుంచి వెళ్లిందే.

పత్తికీ చెరకుకూ అనువైన ఈ మట్టి కట్టడాల దగ్గర మాత్రం పేచీ పెడుతుంది. కారణం ఇందులో ఎక్కువగా ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం. దీని నిర్మాణం పలుచని పొరల దొంతర. నీరు తగలగానే పొరల మధ్యకు చొరబడి వాటిని ఎడం చేస్తుంది. మట్టి ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఆ నీరు పోయి, మట్టి కుంచించుకుపోయి, చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది.

ఇలాంటి చోట పదిమందీ కలిసి ఒక సమాజ భవనం కట్టుకుంటున్నారనుకుందాం. గుజరాత్‌లో ఇలాంటి భవనాన్ని 'వాడీ' అంటారు. పెళ్లిళ్లు, సభలు, పండుగ భోజనాలు అందులోనే. పునాది, మట్టి గోడలు, పైకప్పు పూర్తయ్యాయి. లోపల, బయట పూత, నేల, తడికల పని మిగిలాయి. సాధారణంగా డబ్బు అయిపోయేదీ, ఓపిక నశించేదీ ఇక్కడే. 'సిమెంటు పూసేసి రంగు వేద్దాం' అనే మాట వినిపించేదీ ఇక్కడే. ఆ ఒక్క నిర్ణయంతో అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా కావచ్చు.

మట్టి గోడలో తేమ ఎప్పుడూ ఉంటుంది. నేల నుంచి కొంత పైకి పాకుతుంది, వాన నుంచి కొంత వస్తుంది, లోపల గుమిగూడిన జనం ఊపిరి నుంచి కొంత చేరుతుంది. అది ఆవిరై బయటికి పోయే దారి ఉన్నంతకాలం గోడకు ఢోకా లేదు. సిమెంటు పూత గట్టిది, వంగనిది, ఆవిరిని సులభంగా పోనివ్వదు. తేమతో పాటు మట్టి కొద్దిగా ఉబ్బి తగ్గుతుంటే పూత దానితో కదలలేక సన్నగా పగులుతుంది. ఆ పగుళ్లలోంచి వాననీరు లోపలికి వెళుతుంది గానీ తిరిగి రాలేదు. పైకి చూస్తే గోడ నున్నగానే ఉంటుంది, వెనక మాత్రం మట్టి మెత్తబడుతుంది. ఒకరోజు పూత పెచ్చులుగా ఊడి, దానితో పాటు గోడ మట్టీ రాలుతుంది. సముద్రానికి దగ్గరైన ఓల్పాడ్ వైపు నేలల్లో ఉప్పు కూడా ఉంటుంది. నీటితో పైకి వచ్చిన ఉప్పు పూత వెనకే స్ఫటికాలు కట్టి దాన్ని బయటికి నెడుతుంది.

సున్నం ఈ పనిని మరోలా చేస్తుంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. రాయి స్వచ్ఛమైనదైతే 100 కిలోలకు 56 కిలోలు. దానికి నీళ్లు కలిపితే బుసబుస పొంగి, వేడెక్కి, తడిసున్నం అవుతుంది. గోడమీద పూసిన ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని నెమ్మదిగా రాయిగా మారుతుంది. అయినా అందులో సన్నని రంధ్రాలు మిగులుతాయి కాబట్టి ఆవిరికి దారి మూసుకుపోదు. మట్టికి మల్లే కాస్త కదలికను కూడా ఓర్చుకుంటుంది.

ఈ మార్పుకు కొంత తేమ కావాలి, గాలీ కావాలి. ఎండకు ఒక్కసారిగా ఎండిపోతే పూత రాయి కాకుండా పిండిలా రాలుతుంది. వాన నీటితో రంధ్రాలు నిండిపోతే వాయువు లోపలికి వెళ్లలేదు. దక్షిణ గుజరాత్‌లో వర్షంలో అత్యధిక భాగం జూన్ - సెప్టెంబరు మధ్యే పడుతుంది. అందుకే వానలు వెనక్కి తగ్గాక పని మొదలుపెట్టి, పూత మీద తడి గోనెపట్టాలు కప్పి, రోజూ నీళ్లు చల్లుతూ కాపాడాలి. గుత్తేదారు తొందర సున్నానికి పనికిరాదు.

తెలుగు నేల మీద ఈ విద్యకు పెద్ద ఆనవాలు గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులు. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి అక్కడ పునరుద్ధరణ చేపట్టాయి. 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి, సంప్రదాయ పనివారి చేత సున్నం పని చేయించాయి. సున్నంలో బెల్లం, మారేడు గుజ్జు వంటివి కలిపారు. పాత తాపీ మేస్త్రీలు గానుగలో నూరిన డంగు సున్నానికి కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చేర్చేవారు. బెల్లంలోని చక్కెరలు సున్నాన్ని నీటిలో ఎక్కువగా కరగనిస్తాయి, మిశ్రమం తక్కువ నీటితోనే తాపీకి లొంగేలా చేస్తాయి. నీరు తగ్గితే పగుళ్లు తగ్గుతాయి. మోతాదు మించితే మాత్రం సున్నం గట్టిపడటం ఆలస్యమవుతుంది. ఆ హద్దు ఎక్కడుందో మేస్త్రీ చేతికి తెలుస్తుంది, కాగితం మీది కొలతకు అంతగా తెలియదు.

మరి కాళ్ల కింది రేగడినే పూతకు వాడవచ్చా? ఉన్నదున్నట్టు వాడితే నెర్రెలు తప్పవు. 'స్థానిక పదార్థం' అంటే తవ్విన మట్టిని తవ్వినట్టే పూయడం కాదు. ఇసుక బాగా కలపాలి, తరిగిన గడ్డి లేదా ఊక చేర్చాలి. సాధారణంగా మట్టి బరువులో 3 నుంచి 8 శాతం దాకా సున్నం కలిపితే రేగడి గుణమే మారుతుంది. కాల్షియం అయాన్లు బంకమన్ను పొరల మధ్య చేరి ఉబ్బును తగ్గిస్తాయి. తర్వాత వారాల తరబడి సున్నం మట్టిలోని సిలికాతో, అల్యూమినాతో కలిసి గట్టి బంధకాలను ఏర్పరుస్తుంది. అయితే మట్టిలో సల్ఫేట్లు ఎక్కువుంటే ఇదే సున్నం ఎదురుతిరిగి ఉబ్బు పుట్టిస్తుంది. ఉప్పు నేలల దగ్గర ముందుగా మట్టి పరీక్ష చేయించడం తప్పనిసరి.

పేడ సంగతి కూడా అంతే. 2016లో బుర్కినా ఫాసో, ఫ్రాన్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, పేడ కలిపిన మట్టి ఇటుకలు నీటికి మెరుగ్గా తట్టుకున్నాయి. పేడ మట్టిలోని కయోలినైట్‌తో, సన్నని క్వార్ట్జ్‌తో చర్య జరిపి నీటిలో కరగని జిగురు పదార్థాన్ని ఏర్పరిచిందని వారు వివరించారు. కిమ్ మట్టిలో ప్రధాన ఖనిజం వేరు. ఆ ఫలితాన్ని ఇక్కడికి నేరుగా మోసుకురాలేం, పూసి చూడాల్సిందే.

తడికల పనికి దక్షిణ గుజరాత్‌లో కోట్వాలియాలు ఉన్నారు. మన మేదరుల్లా వెదురు అల్లికే వారి కులవృత్తి. వెదురుకు శత్రువు దానిలోని పిండిపదార్థం, పుచ్చు పురుగు వచ్చేది దానికోసమే. మూడు నాలుగేళ్లు ముదిరిన బొంగును వానలు పోయాక, పిండిపదార్థం తక్కువగా ఉన్నప్పుడు నరికి, నీటిలో నానబెట్టడం పాత పద్ధతి. బోరాక్స్, బోరిక్ ఆమ్లం ద్రావణంలో ఊరబెట్టడం కొత్త పద్ధతి. పైకప్పు కింది తడికకు రెండోదే మేలు. అడవి బయట పెంచిన వెదురును 2017 చట్ట సవరణ చెట్ల జాబితా నుంచి తప్పించడంతో, దాన్ని కొట్టి తరలించడం అల్లకందార్లకు కొంత సులువైంది.

ఈ పనుల ఖర్చులో ఎక్కువ భాగం కూలికి పోతుంది, బస్తాలకు కాదు. అంచనా వేసేటప్పుడే ఆ లెక్క చూపకపోతే చివర్లో సిమెంటే చవకగా కనిపిస్తుంది. తడిసున్నం పీహెచ్ 12 దాటుతుంది కాబట్టి పనివారికి చేతి తొడుగులు, కళ్లద్దాలు కూడా అదే లెక్కలో ఉండాలి.

మొదట 60 సెంటీమీటర్ల పొడవున్న చెక్కపెట్టెలో తడి మట్టి నింపి, ఎండాక ఎంత కుదించుకుపోయిందో కొలుస్తారు. తర్వాత మేస్త్రీ వేర్వేరు పాళ్లలో నాలుగైదు మిశ్రమాలు కలిపి, వాన ఎక్కువగా కొట్టే గోడ మీద గజం గజం చొప్పున పూసి, పక్కన బొగ్గుతో పాళ్లు రాసిపెడతాడు. ఒక వానాకాలం గడిచాక ఊరివాళ్లు ఆ గోడ దగ్గర నిలబడి ఏది నిలిచిందో, ఏది రాలిందో చూసుకుంటారు. మిగతా గోడలకు నిలిచినదాన్నే పూస్తారు.