క్లిప్పుల మీద చెయ్యి వేసే ముందు



నువ్వు పంపిన ఏబుల్టన్ లైవ్ సెట్ అందింది. డప్పు, నాదస్వరం, గొంతు, తంబురా దేని ట్రాకు దానికి చక్కగా సర్దావు. ఒక్క డయల్ తిప్పితే అన్ని క్లిప్పుల గెయిన్, పిచ్, లూపు ఒకేసారి మారేలా మాక్స్ ఫర్ లైవ్‌లో ఒక పరికరం కట్టుకోవాలని ఉందని రాశావు. తప్పకుండా కట్టుకో. కాకపోతే అందులో ఏది యంత్రానికి అప్పగించాలి, ఏది చెవి దగ్గరే ఉంచుకోవాలి అన్నది ముందు తేల్చుకోవాలి. పెదనాన్న ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ఆ పరికరానికి ఆధారమైన మాక్స్ సాఫ్ట్‌వేర్ చరిత్ర కొంచెం తెలిస్తే దాని స్వభావం కూడా తెలుస్తుంది. 1980ల మధ్యలో పారిస్‌లోని ఇర్కామ్ పరిశోధన సంస్థలో మిల్లర్ పకెట్ దాన్ని మొదలుపెట్టాడు. 1957లోనే బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటర్ చేత సంగీతం పలికించిన మాక్స్ మాథ్యూస్ మీద గౌరవంతో ఆ పేరు పెట్టారు. 1988లో ఫిలిప్ మనూరీ తన ‘ప్లూటన్’ రచనకు దాన్ని వాడుకున్నాడు. అందులో పియానో వాయించేది మనిషి, ఆ వాయింపుకు స్పందించేది కంప్యూటర్. లైవ్ బెర్లిన్‌లో పుట్టింది. మోనోలేక్ పేరుతో కచేరీలు చేసిన గెర్హార్డ్ బేలెస్, రాబర్ట్ హెంకే దాని వెనక ఉన్నవాళ్లలో ముఖ్యులు. ఏబుల్టన్ మొదటి లైవ్ 2001లో బయటికొచ్చింది, 2009లో మాక్స్ దాని లోపలికి చేరింది, 2017లో మాక్స్ తయారు చేసే సైక్లింగ్ 74 సంస్థనే ఏబుల్టన్ కొనేసింది. రెండూ వేదిక మీద వాయించేవాళ్ల అవసరంలోంచి వచ్చినవే. చేతులకు తీరిక దొరికితే చెవి పని చేస్తుందన్న నమ్మకం రెండింటిలోనూ కనిపిస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. లైవ్‌లో ప్రతి క్లిప్పుకీ ఒక చిరునామా ఉంటుంది. ఉత్తరం మీద జిల్లా, మండలం, ఊరు, ఇంటి నంబరు రాసినట్టే లైవ్ సెట్, ట్రాకు, గడి, క్లిప్పు అని వరసగా చెప్పాలి. లెక్క సున్నాతో మొదలవుతుంది. ట్రాక్ 0, క్లిప్ స్లాట్ 2 అంటే మొదటి ట్రాకులో మూడో గడి అన్నమాట. ఈ చిరునామా పట్టుకుని క్లిప్పును వెతికే పని మాక్స్‌లోని లైవ్.పాత్ అనే ఆబ్జెక్ట్‌ది, దొరికాక దాన్ని ప్రశ్నించేదీ మార్చేదీ లైవ్.ఆబ్జెక్ట్. డప్పు ట్రాకుకు ముందు కొత్త ట్రాకు ఒకటి చేర్చావనుకో, ట్రాక్ 0 అన్న చిరునామాలో ఇప్పుడు వేరే వాద్యం ఉంటుంది. లైవ్.పాత్ ఎడమ ద్వారం నుంచి వచ్చే ఐడీ పాత ట్రాకునే పట్టుకుని ఉంటుంది. మధ్య ద్వారం మాత్రం చిరునామాలో ఎవరుంటే వాళ్లను చూపిస్తుంది. నీకు డప్పు కావాలా, మొదటి వరసలో ఉన్నది ఏదైనా సరేనా? వైరు కలిపేముందు అది ఆలోచించుకో.

రాసేముందు చదవడం అలవాటు చేసుకో నాన్నా. మిడి క్లిప్పుకు గెయిన్ ఉండదు, కాబట్టి అది ఆడియో క్లిప్పేనా అని ముందు అడగాలి. గెయిన్ విలువ కూడా డెసిబెల్స్‌లో రాదు, 0కీ 1కీ మధ్య ఒక అంకెగా వస్తుంది. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది లూపు హద్దులు. వార్ప్ వేసిన, అంటే టెంపోకు తగ్గట్టు సాగేలా పెట్టిన, ఆడియో క్లిప్పులో ఆ అంకెలు బీట్లు, వార్ప్ తీసేసిన క్లిప్పులో అవే సెకన్లు. టెంపో 120 ఉన్నప్పుడు రెండిటికీ ఆ హద్దుల మధ్య దూరం 4 వచ్చేలా పంపితే ఒకటి రెండు సెకన్లకే తిరిగి మొదలవుతుంది, రెండోది నాలుగు సెకన్లు నడిచి ఆగిపోతుంది. తెర మీద ఎక్కడా తప్పు కనిపించదు. తాళం మాత్రం తప్పుతుంది.

నీ పాట మిశ్ర చాపులో ఉంది కదా. అక్షరానికి అర బీటు చొప్పున వేస్తే ఏడు అక్షరాలకు మూడున్నర బీట్లు. సెట్ 4/4లో ఉండి, క్లిప్పులు బారు మొదట్లోనే అందుకునేలా ఉంటే, కొత్తగా నొక్కిన క్లిప్పు నడుస్తున్న ఆవర్తనం మధ్యలో దూరుతుంది. పాట మొత్తాన్నీ 7/8కి మార్చు. అప్పుడు ఒక బారు ఒక ఆవర్తనం అవుతుంది, నీ పరికరం చేయాల్సిన లెక్కలో సగం తగ్గిపోతుంది.

గొంతును ఒకటిన్నర శ్రుతి నుంచి రెండుకు పెంచాలంటే పిచ్‌కు ఒక్క సెమీటోన్ కలిపితే చాలు. గొంతు, నాదస్వరం, తంబురా మూడింటికీ కలిపి ఆ పని చేయడానికి నీ పరికరం చక్కగా సరిపోతుంది. డప్పును ఆ జాబితాలోంచి తీసెయ్యి, తోలు మోత దాని సొంత స్థాయిలోనే బాగుంటుంది.

వార్ప్ మోడ్‌ను మాత్రం గుంపుగా మార్చకు. దెబ్బ స్పష్టంగా వినిపించే డప్పుకు బీట్స్ మోడ్ నప్పుతుంది. అదే మోడ్ నాదస్వరానికి పెట్టి సాగదీస్తే గమకం ముక్కలవుతుంది. రీపిచ్ పెడితే పాత టేపులాగే వేగంతో పాటు శ్రుతీ కదులుతుంది. 120లో ఉన్న పాటను 127కి తీసుకెళ్లావంటే గొంతు దాదాపు అర స్వరం పైకి జరిగి తంబురాకు దూరమవుతుంది. ఏ వాద్యానికి ఏ మోడ్ అన్నది ఒక్కో క్లిప్పూ విని, చేత్తో పెట్టాల్సిన సంగతి.

డయల్ గురించి ఇంకో మాట. లైవ్.ఆబ్జెక్ట్‌తో రాసే ప్రతి మార్పూ అన్‌డూ చరిత్రలోకి ఎక్కుతుంది. డయల్‌ను అటూ ఇటూ తిప్పుతూ పోతే నువ్వు నిజంగా వెనక్కి తీసుకోవాలనుకున్న మార్పు వందల మెట్ల కింద పడిపోతుంది. అందుకని డయల్ బదులు బటన్ పెట్టు, అంకె ఖాయం చేసుకున్నాకే నొక్కు. పాట నడుస్తుండగా పెరుగుతూ తగ్గుతూ ఉండాల్సిన శబ్దానికి క్లిప్ ఎన్వలప్ ఉండనే ఉంది.

రెండు చిక్కులు ఎదురవుతాయి, భయపడకు. పరికరం పూర్తిగా లోడవకముందే క్లిప్పును అడిగితే జవాబు రాదు. లైవ్.దిస్‌డివైస్ నుంచి కబురు వచ్చాకే మొదలుపెట్టాలి. అలాగే లైవ్.అబ్జర్వర్ ఒక మార్పును గమనించి చెప్పిన క్షణంలోనే నువ్వు ఇంకో మార్పు చేయబోతే లైవ్ ఒప్పుకోదు, ఎర్రర్ చూపిస్తుంది. మధ్యలో ‘డిఫర్‌లో’ (deferlow) అనే ఆబ్జెక్ట్ పెడితే ఆ పని కాస్త ఆగి జరుగుతుంది.

ముందు సెట్‌కు కాపీ తీసి, గొంతు ట్రాకులో ఒక్క క్లిప్పు మీద పిచ్ బటన్ ప్రయత్నించు. అది కుదిరాక నాదస్వరం, తంబురా చేర్చు. లూపుల జోలికి ఆ తర్వాతే వెళ్లు. వార్ప్ ఉన్న క్లిప్పులకు ఒక రంగు, లేనివాటికి ఇంకో రంగు వేసి ఆ కాపీని పంపితే, పెదనాన్న ఈ ఆదివారం కూర్చుని ఒక్కోటీ వింటాడు.

ఇట్లు,
మీ పెదనాన్న