షెడ్యూల్డు కులాల సమాఖ్య: కరీంనగర్ విజయం

1942 జులైలో నాగపూర్ సభలో బి.ఆర్. అంబేడ్కర్ నాయకత్వాన ఏర్పడిన అఖిల భారత షెడ్యూల్డు కులాల సమాఖ్య, దళితులను విడి రాజకీయ శక్తిగా నిలపడానికి పుట్టిన పార్టీ. పేరుకు అఖిల భారత పార్టీయే అయినా, 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో అది గెలిచిన లోక్‌సభ స్థానాలు రెండే: బొంబాయి రాష్ట్రంలోని షోలాపూర్‌లో పి.ఎన్. రాజ్‌భోజ్, హైదరాబాద్ రాష్ట్రంలోని కరీంనగర్‌లో ఎం.ఆర్. కృష్ణ విజేతలు. కరీంనగర్ అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే ప్రాంతం నుంచి ఒక సాధారణ, ఒక రిజర్వుడు సభ్యుడు ఎన్నికయ్యే స్థానం కాబట్టి, కృష్ణతో పాటు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డి కూడా అక్కడి నుంచే లోక్‌సభకు వెళ్లారు. అంబేడ్కరే బొంబాయి ఉత్తర స్థానంలో ఓడిపోయిన ఎన్నికల్లో తెలంగాణ ఇచ్చిన ఈ ఫలితానికి పాఠ్యగ్రంథాల్లో తగిన చోటు దక్కలేదనే చెప్పాలి. సమాఖ్య ఎన్నికల గుర్తు ఏనుగు. తరువాతి కాలంలో అదే బహుజన్ సమాజ్ పార్టీ గుర్తు అయింది. కృష్ణ అనంతరం కాంగ్రెస్‌లో చేరగా, 1957 అక్టోబరు 3న సమాఖ్య స్థానంలో రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా ఏర్పడింది.