ఒకే నిక్షేపము, పెక్కు కౌలులు

నిజామాబాదు, బోధను ప్రాంతములలో నిజాంసాగరు కాలువ నీరందని చెలకలకు బోరుబావియే ఆధారము. ఆనుకొనియున్న రెండు చేలలో ఒక పట్టాదారుడు లోతుగా బోరు వేసి రేయింబవళ్లు తోడినచో, పొరుగువాని బావి యెండుట చదువరులెల్లరు ఎరిగినదే. గట్టు నేలపై నున్నదిగాని నేలక్రింద లేదు. ఈ చిక్కే నూనె, సహజవాయువుల విషయమునను కలదు. దానికి ఆ పరిశ్రమవారు కనుగొన్న ఉపాయము మనము తెలిసికొనదగినది.

నూనె భూగర్భమున చెరువువలె నిలిచియుండదు. ఇసుకరాతి సందులలో ఒత్తిడికి లోబడియుండును. ఆ ఒత్తిడియే దానిని బావివైపు నెట్టును. 1930లో అమెరికాయందలి తూర్పు టెక్సాసున గొప్ప క్షేత్రము బయల్పడగా, ఎవడు తోడిన వానిదే యను అచటి న్యాయము ననుసరించి చిన్న కమతములవారును పోటీపడి బావులు త్రవ్విరి. ధర పడిపోయెను; 1931 ఆగస్టులో గవర్నరు సైన్యమును పంపి బావులు మూయింపవలసి వచ్చెను. ఒత్తిడి వృథాయైనచో మిగిలిన నూనె రాతిలోనే చిక్కుకొనును, తొందరపడినవానికిని దక్కదు.

ఉపాయ మేమనగా, కౌలులన్నిటిని ఒకే క్షేత్రముగా నెంచి ఒక్కరిచేత నిర్వహింపజేయుట. బావులను ఎల్లల వెంబడి గాక, నిక్షేపమునకు అనువైన తావులందే త్రవ్వుదురు. వాటా బావుల సంఖ్యను బట్టి కాదు. ఎవరి నేలక్రింద నెంత సరకు కలదో దానిని బట్టి. మువ్వురి క్రింద 50, 30, 20 పాళ్లున్నవనుకొందము. వ్యయము 10 లక్షలైనచో వారు వరుసగా 5, 3, 2 లక్షలు భరింతురు, రాబడియు నట్లే. బావులన్నియు మొదటివాని నేలలోనే యున్నను లెక్క మారదు. త్రవ్వినకొలది కొత్త సంగతులు తెలియును గనుక, వాటాలను మరల లెక్కించు నియమమును ముందే వ్రాసికొందురు. ఉత్తర సముద్రమందలి ఫ్రిగ్ వాయుక్షేత్రమును నార్వే, బ్రిటను 1976 నాటి ఒడంబడికచే ఇట్లే పంచుకొనెను: నార్వేకు నూటికి సుమారు 61 పాళ్లు, బ్రిటనుకు 39.

ఒడంబడిక లేకున్న నేమగునో కాకినాడ యెదుటి సముద్రమే చూపినది. అచట ఓఎన్‌జీసీ, రిలయన్సు సంస్థల క్షేత్రములు ఆనుకొనియున్నవి. రిలయన్సు 2009లో వాయువు తీయ నారంభించెను. తమ వాయువు అటు తరలుచున్నదని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. 2015లో అమెరికా నిపుణులు సుమారు 1,100 కోట్ల ఘనమీటర్లు తరలెనని తేల్చిరి. ప్రభుత్వము సొమ్ము కోరగా, 2018లో మధ్యవర్తులు రిలయన్సు పక్షమున తీర్పిచ్చిరి. 2023లో హైకోర్టు న్యాయమూర్తి దానిని నిలిపెను. 2025 ఫిబ్రవరిలో ఆ కోర్టు ధర్మాసనమే కొట్టివేసెను. వాయువు తరలుటకంటె వ్యాజ్యము నడచుటకే ఎక్కువ ఏండ్లు పట్టినవి!

సముద్రగర్భమందలి వాయువు ప్రభుత్వపు సొత్తు గనుక అడుగుటకు ఒకరున్నారు. మన బావినీటికి అట్టి యజమాని లేడు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము కొత్త బావికి అనుమతి కోరునే గాని, పొరుగువారి వాటాలు పంచిపెట్టదు. కావున ఆనుకొనిన చేలుగల సభ్యులు యాసంగికి ముందొకసారి, ఎండకాలమున నొకసారి ప్రతి బావి నీటిమట్టమును కొలిచి, ఎవరి మోటారు ఎన్ని గంటలు నడచినదో చేర్చి, ఒకే పుస్తకమున వ్రాసియుంచవలెను. వాటాల లెక్క ఆ పుస్తకమునుండియే మొదలగును.